గడువు దాటిన సాంబారు పొడి

మా హోటల్ మూసేసిన రోజున అందరికంటే ముందు ముసుగు పడింది బోర్డుకి. ఇద్దరు మనుషులు నిచ్చెనలు వేసుకుని ఎక్కి, కంపెనీ పేరు మీద నీలం రంగు టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించారు. కోర్టులో తేలేదాకా ఆ పేరు రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడకూడదట. నేను కింద నిలబడి, "ముక్కు దగ్గర కాస్త సందు వదలండ్రా, ఊపిరాడక పోతుంది" అన్నాను. నిచ్చెన మీదున్నవాళ్ళకి తెలుగు రాదు. నా పక్కన ఎవరూ లేరు. కువైట్‌లోని అబూ హలీఫాలో ఆ మధ్యాహ్నం నేను వేసిన జోకు ఎదురుగా ఉన్న షట్టరుకి తగిలి కింద పడింది. ఆ తర్వాత ఏడు నెలలపాటు నా జోకులన్నిటికీ అదే గతి పట్టబోతోందని అప్పటికి నాకు తెలియదు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడ వంటవాణ్ణి. ఇడ్లీ, దోశ, వడ, సాంబారు. హైదరాబాదులో పేరున్న ఒక టిఫిన్ల కంపెనీ తన పేరు వాడుకునే హక్కుని మా కఫీల్‌కి, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఇచ్చింది. దాన్ని ఫ్రాంచైజీ అంటారని అక్కడే విన్నాను. ఏడో తరగతిలో ఉండగా బడికి సెలవు పెట్టి ఇప్పటిదాకా తిరిగి వెళ్ళనివాణ్ణి కాబట్టి నాకు అర్థమైనంతలో చెబుతాను. పేరు వాళ్ళది, చోటు కఫీల్‌ది, చెమట మాది. పేరు ఇచ్చినందుకు వాళ్ళు ఒక లావుపాటి పుస్తకం కూడా ఇచ్చారు. దోశ ఎంత వెడల్పు ఉండాలి, చట్నీ గరిటె ఎంత లోతు, వచ్చినవాళ్ళని ఏమని పలకరించాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా సూపర్‌వైజరు మలయాళీ. ఆయన ఇంగ్లీషులో చదివి హిందీలో చెప్పేవాడు. పలకరింపు పేజీ వచ్చినప్పుడు మాత్రం, "నువ్వు తక్కువ మాట్లాడాలని రాసుంది" అనేవాడు నాతో. అది నిజంగా రాసుందో లేదో నేను చదవలేనని ఆయనకి తెలుసు.

ఆ పుస్తకంలో ఒక షరతు ఉంది. సాంబారు పొడి కంపెనీ ప్యాకెట్లలో వచ్చిందే వాడాలి. ఇంకేదీ వాడకూడదు. వెండిరంగు ప్యాకెట్లు, మందంగా, ముందు కంపెనీ బొమ్మ, వెనక తేదీ. స్టోరు అలమరలో వాటిని వరసగా నిలబెట్టి, ప్రతి వారం ఫోటో తీసి హైదరాబాదుకి పంపాలి. అలమర నిండుగా కనిపించాలి.

ఒక ఏడాది బాగానే నడిచింది. తర్వాత కంపెనీవాళ్ళు ప్యాకెట్ మీద అచ్చు మార్చారు, దానికి తగ్గ కాగితం మాత్రం పంపడం మరిచారు. సరుకు రేవులో ఆగిపోయింది. మేము ఫోన్ చేస్తే రేపు పంపుతాం అనేవాళ్ళు. ఉన్న పొడి అయిపోయింది.

హోటల్లో సాంబారు లేకుండా ఇడ్లీ పెట్టడం నా వల్ల కాలేదు. అదీ శుక్రవారం. శుక్రవారం పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక గోదావరి జిల్లాల ఆడవాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు. ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కొందరు నర్సులు. వారమంతా మామా, అంటే ఇంటి యజమానురాలు, చెప్పిన మాట వినీ వినీ, ఆ రెండు గంటలు వాళ్ళు చెప్పిందే మాటగా ఉండేది. వాళ్ళలో పెద్దావిడ ఒకరు, ఫింటాస్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. ఆమెను చూడగానే నేను వంటింటి కిటికీలోంచి తల బయట పెట్టి, "అక్కా, సాంబారు గిన్నెలో పొయ్యాల్నా, బకెట్లో పొయ్యాల్నా?" అని అరిచేవాణ్ణి.

"బావిలో పొయ్యి తమ్ముడూ, చేద తెచ్చుకున్నాను" అనేది ఆమె, కుర్చీ లాక్కుంటూ.

హోటలంతా నవ్వేది. నాకు ఆ నవ్వు జీతం కన్నా ముందు అందేది.

అందుకని మిర్కాబ్‌లో ఒక కొట్టునుంచి ధనియాలు, మిరపకాయలు, శనగపప్పు తెప్పించాను. కరివేపాకు మేడ మీద ఆరబెట్టాను. కువైట్ ఎండ గంటలో పని చేసి పెట్టింది. మా అమ్మ వేయించే వరసలో ఒక్కొక్కటీ వేయించి పొడి కొట్టాను. కొట్టిన పొడి దేంట్లో పొయ్యాలి? ఖాళీ అయిన కంపెనీ ప్యాకెట్లు నేను పారేయలేదు. అంత గట్టి కవరు పారేయడానికి చేతులు రావు. కడిగి, బట్టల దండెం మీద ఆరేసి దాచాను. వాటిలోనే నింపి, మూతి మీద పాత పేపరు పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఒక్క గీత గీస్తే కంపెనీ మిషన్ వేసినట్టే అతుక్కుంది. అలమర నిండింది. సూపర్‌వైజరు ఫోటో తీశాడు. ఆయన చూసీ చూడనట్టు ఉన్నాడు. కఫీల్‌కి అసలు తెలియదు.

ఇలా రెండు నెలలు గడిచాక హైదరాబాదు నుంచి కంపెనీ తనిఖీ అధికారి వచ్చాడు. తెలుగాయనే, మెత్తటి మనిషి. మొదట కూర్చుని ఇడ్లీ తిన్నాడు. సాంబారు ఇంకోసారి పోయించుకున్నాడు. మూడోసారి గిన్నె ఎత్తి తాగేశాడు.

"ఇదయ్యా మన కంపెనీ రుచి అంటే. మిగతా చోట్ల ఎవరికీ ఇలా కుదరడంలేదు. పుస్తకం ప్రకారం చేస్తే ఎలా ఉంటుందో చూశారా?" అన్నాడు సూపర్‌వైజరుతో.

నేను వంటింట్లో తల ఊపాను. నిజం చెబుతున్నాను, ఆ పూట గర్వంతో నా తలపాగా నాకే బిగుతయింది.

తర్వాత ఆయన స్టోరులోకి వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత చేతిలో ప్యాకెట్‌తో వచ్చాడు. వెనక తేదీ చూపించాడు. గడువు దాటి నాలుగు నెలలైంది. అన్ని ప్యాకెట్లూ అంతే. పాత ప్యాకెట్ల మీద పాత తేదీలే కదా ఉంటాయి. లోపల పొడి మొన్న కొట్టింది. బయట తేదీ ఎప్పుడో చచ్చింది. ముందు వైపు బొమ్మని అంత శ్రద్ధగా తుడిచి నిలబెట్టిన నేను, వెనక వైపు అంకెలు ఒక్కసారీ చూడలేదు.

ఆయన మూడు ప్యాకెట్లు సంచిలో వేసుకుని వెళ్ళాడు. నెల తిరక్కుండా కంపెనీ కేసు వేసింది. ఒప్పందం తప్పారు, గడువు దాటిన పొడితో మా పేరు చెడగొట్టారు, హోటల్ మూసి బోర్డు దించాలి అని. కఫీల్ ఎదురు కేసు వేశాడు. సరుకు సమయానికి పంపలేదు, పంపింది కూడా గడువు దగ్గర పడిన పాత సరుకు, నష్టం మాకే అని. తేలేదాకా హోటల్ మూసి ఉంచమంది కోర్టు.

నా పరిస్థితి గమనించండి. పొడి కంపెనీదే అంటే, నేను జనానికి పాడైన పొడి పెట్టినవాణ్ణి. పొడి తాజాది అంటే, కంపెనీ పేరున్న ప్యాకెట్లో వేరే పొడి నింపిన దొంగని, నాతోపాటు కఫీల్ కూడా. రెండు తలుపులున్న గది, రెండింటి బయటా ఒకే పోలీసు.

ప్రభుత్వ కాగితాల పనులు చూసే ఈజిప్టు ఆయన మాకు ఒకరుండేవారు. మందూబ్ అంటారు. వకీలు చెప్పిన మాటను ఆయన వచ్చి తన వచ్చీరాని హిందీలో నాకు చెప్పాడు.

"కోర్టు ఒక నిపుణుణ్ణి పంపుతుంది. ఖబీర్ అంటారు. ఆయన హోటలు చూస్తాడు, నిన్ను ప్రశ్నలడుగుతాడు. నువ్వు ఒక్క మాట చెప్పాలి. 'నాకు తెలియదు.' అంతే. ఇంకో మాట వద్దు."

"అది నా వల్ల అయ్యే పనేనా సార్? నేను పుట్టినప్పుడు కూడా ఏడవలా, మాట్లాడినాను."

"నీ ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి, ఈ హోటల్ మీద ఉంది. హోటల్ పోతే నీ కాగితమూ పోతుంది. ఇప్పుడు మాట్లాడు చూద్దాం" అన్నాడాయన.

మాట్లాడలేదు.

మిగతా ఐదుగురినీ కఫీల్ మిర్కాబ్‌లో ఉన్న తన ఇంకో కొట్టుకి మార్చాడు. నన్ను మాత్రం ఉంచాడు. ఖబీర్ ఎప్పుడొస్తాడో తెలియదు, వచ్చినప్పుడు తలుపు తీయడానికి మనిషి ఉండాలి, స్టోరులో ఏదీ కదలకూడదు, పైగా కంపెనీ కాగితాల్లో వంటవాడి ప్రస్తావన ఉంది. జీతం ఆపలేదు. ఆ మాట చెప్పాలి. పని మాత్రం తీసేశాడు.

ఆరు మంచాల గదిలో ఒక్కణ్ణే. మొదటి వారం హాయిగానే ఉంది, స్నానాల గదికి వరస లేదు. రెండో వారం పక్క మంచం మీద పడుకున్నాను. మూడో వారం కిటికీ పక్క మంచం. అలా వారానికొక మంచం చొప్పున గదంతా తిరిగి మళ్ళీ నా మంచానికి వచ్చేసరికి, అది కూడా వేరేవాళ్ళదిలా అనిపించింది. రోజూ పొద్దున తొమ్మిదికి కిందికి దిగి, షట్టరు సగం ఎత్తి, బల్లల మీద తిరగేసి పెట్టిన కుర్చీల్లోంచి ఒకటి దించుకుని కూర్చునేవాణ్ణి. రెండింటికి ఆ కుర్చీ ఎత్తి మళ్ళీ బల్ల మీద పెట్టి షట్టరు దించేవాణ్ణి. వాయిదాలు జరుగుతున్నాయని మందూబ్ ఫోనులో చెప్పేవాడు. ఖబీర్ వస్తున్నాడు అనేవాడు. తర్వాత ఖబీర్ మారాడు అనేవాడు.

హోటల్లో పొయ్యిలు వెలిగించకూడదు. గదిలో చిన్న కరెంటు పొయ్యి మీద ఒక గ్లాసు బియ్యం వండుకునేవాణ్ణి. రెండొందల మందికి సాంబారు పెట్టే చేతికి ఒక్కడి లెక్క కుదరదు. ఉప్పు రోజూ ఎక్కువయ్యేది. ఎక్కువైందని చెప్పేవాడు లేడు.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ అడిగేది, "ఏంది, ఈమధ్య నవ్వించవు? ఒంట్లో బాగుండాదా?" అని. హోటల్ మూసిన సంగతి నేను చెప్పలేదు. "కార్డు అయిపోతాంది మే" అని పెట్టేసేవాణ్ణి. కార్డులో నిమిషాలుండేవి. చెప్పడానికే ఏమీ ఉండేది కాదు. జోకు వెయ్యాలంటే ఆ రోజు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి. ఎవరూ ఏమీ చెయ్యని రోజుల్లోంచి నవ్వు తియ్యడం నాకు చేతకాలేదు.

ఐదో నెలలో ఒక శుక్రవారం, సగం ఎత్తిన షట్టరు కింద రెండు పాదాలు ఆగాయి. చెప్పులు చూసి గుర్తుపట్టాను. ఫింటాస్ అక్క.

నేను ఒక్క ఉదుటున లేచి షట్టరు పైదాకా ఎత్తి, "అక్కా! బకెట్ తెచ్చినావా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. గడప బయటే నిలబడింది.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతాను, ఏం అనుకోకు. పాడైపోయిన పొడి పెట్టావంట కదా మాకు. కేసు దాని మీదేనంట. నిజమేనా?"

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటున్నారు. మాలో ఒకమ్మాయికి అప్పట్లో కడుపులో నెప్పి వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు అందరూ దీన్నే అంటున్నారు. నేను మాత్రం కాదన్నాను. ఆ అబ్బాయి అలాంటోడు కాదర్రా అన్నాను. నీ నోటితో చెప్పు, నేను వెళ్ళి చెప్పుకుంటాను."

వంటవాడికి ఇంతకన్నా పెద్ద మాట ఉండదు. మేడ మీద కరివేపాకు, మా అమ్మ వేయింపు వరస, ఇస్త్రీ పెట్టె, అన్నీ నాలిక చివరికి వచ్చాయి. ఇఖామా వాటికి అడ్డం నిలబడింది. ఆమెకి చెబితే ఆమె అందరికీ చెబుతుంది. చెప్పడానికేగా అడిగింది.

"నాకు తెలీదక్కా" అన్నాను.



"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది తమ్ముడూ? వండింది నువ్వు కదా" అంది.

అంతే. తన సంచిలోంచి ఒక పొట్లం తీసి గడప మీద పెట్టింది. రెండు అరిసెలు. ఎవరో ఊరినుంచి తెచ్చినవి. నా కోసం తెచ్చింది కాబట్టి ఇచ్చేసి వెళ్ళిపోయింది. వాటిని వారం రోజులు తినలేదు. తర్వాత తిన్నాను. గట్టిపడ్డాయి.

ఏడో నెలలో, ఏ కబురూ లేకుండా ఒక మంగళవారం పొద్దున మూడు కార్లు వచ్చి ఆగాయి. ఖబీర్, ఆయనతో ఉర్దూ తెలిసిన దుబాసీ, రెండు వైపుల వకీళ్ళు, మా కఫీల్, మందూబ్, ఇంకా హైదరాబాదు తనిఖీ అధికారి. నేను పరుగు పరుగున బల్లల మీద కుర్చీలు దించాను. ఏడుగురు మనుషులు. ఏడు నెలల తర్వాత ఆ హోటల్లో ఏడు కుర్చీల మీద మనుషులు కూర్చున్నారు. నా కళ్ళకి పండగలా ఉంది. అక్కడే నా కొంప మునిగింది.

ఖబీర్ పెద్దాయన, కళ్ళద్దాలు, ముఖాన విసుగు. స్టోరు చూశాడు. ప్యాకెట్లు చూశాడు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. దుబాసీ అడిగాడు, "ఈ పొడి గడువు దాటిందని నీకు తెలుసా?"

మా వకీలు నా వైపు చూశాడు. మందూబ్ గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సింది ఒక్క మాట.

"సార్, మీ ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఉంటుందా? రేకుది, గుండ్రంగా?" అన్నాను.

దుబాసీ ఒక్క క్షణం తటపటాయించి అరబ్బీలో చెప్పాడు. ఖబీర్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. ఉంటుంది అన్నాడు.

"దాంట్లో ఏముంటుంది?"

అది విని ఆయన మీసం కదిలింది. "సూదులు, దారం" అన్నాడు. "మా ఆవిడవి."

"మరి డబ్బా మీద బిస్కెట్ బొమ్మ ఉంది కదా? మీ ఆవిడ మీద బిస్కెట్ కంపెనీ కేసు వేసిందా?"

నవ్వు రెండు విడతలుగా వచ్చింది. ఉర్దూ తెలిసిన దుబాసీ, మందూబ్, తనిఖీ అధికారి ముందు నవ్వారు. అరబ్బీలోకి మారాక మిగతావాళ్ళు నవ్వారు. ఒక్క జోకుకి రెండుసార్లు నవ్వు! నా జన్మలో అలాంటి పంట పండలేదు. ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. రేవులో చిక్కుకున్న సరుకు చెప్పాను. మేడ మీద కరివేపాకు చెప్పాను. లేచి నిలబడి, ఇస్త్రీ పెట్టెతో మూతి ఎలా అతికించానో గాలిలో చేసి చూపించాను. "మూడుసార్లు పోయించుకుని తాగిన సారు ఇక్కడే ఉన్నాడు, కడుపునొప్పి వచ్చిందేమో అడగండి" అని తనిఖీ ఆయన్ని చూపించాను. ఆయన నవ్వు ఆపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మా కఫీల్ అందరికంటే గట్టిగా నవ్వాడు, బల్ల మీద చేత్తో కొట్టి మరీ. వకీలు ఆయన మోచెయ్యి పట్టుకున్నాకే ఆగాడు.

ఖబీర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు, "అయితే ప్యాకెట్ మీద పేరు ఎవరిది?"

"కంపెనీది."

"లోపలున్న పొడి?"

"మా అమ్మది సార్. అప్పట్లో నేనే తాజాగా కొట్టింది. గడువు దాటింది ప్యాకెట్టే, పొడి కాదు. నేనెవరికీ పాడైంది పెట్టలేదు."

ఆయన తల ఊపి కలం తీశాడు. అరబ్బీలో రాసుకుంటూ పోయాడు. కలం చప్పుడు వినపడుతోంది. నేనేం ఒప్పేసుకున్నానో అప్పుడు నాకు అర్థమైంది. తర్వాత నాతో తెలుగులో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. ఏడు కుర్చీలూ మళ్ళీ బల్లల మీద తిరగేశాను.

ఇఖామా ఎలాగూ పోయినట్టే, ఇక దాచేదేముంది అని, వచ్చిన శుక్రవారం ఆ ఆడవాళ్ళు ప్రార్థన అయ్యాక బస్సెక్కే చోటికి వెళ్ళి నిలబడ్డాను. ఫింటాస్ అక్క కనపడలేదు. ఒకావిడని అడిగాను.

"ఆవిడ వెళ్ళిపోయిందండి. వాళ్ళ మామా పంపించేసింది, నెలైంది. ఇంక రాదు. ఏదైనా చెప్పాలాండి?"

"సాంబారు సంగతి" అన్నాను.

"ఏ సాంబారండి?" అంది ఆమె. బస్సు వచ్చింది, ఎక్కేసింది.

తీర్పు వచ్చింది. కంపెనీ గెలిచింది. కఫీల్ నష్టపరిహారం అడగడానికి లేకుండా పోయింది. టార్పాలిన్‌తో సహా బోర్డు దించేశారు. ఆ రోజు కఫీల్ వచ్చాడు. తిడతాడని నిలబడి ఉన్నాను. కుర్చీ దించుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు. "కానీ నిన్ను నిజం ఎవరడిగారు? తెలుసా, తెలియదా అని అడిగారు."

"చాలా రోజులైంది బాబా, మనుషులు కూర్చుని" అన్నాను.

ఆయన ఖాళీ బల్లల వైపు చూశాడు. "ఖలాస్" అని లేచాడు. నా ఇఖామా రద్దు చేసి ఊరికి పంపేస్తాడనుకున్నాను. పంపలేదు. వేరే చోటికి మారడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. అహ్మదిలో ఒక కాంట్రాక్టరు నడిపే మెస్సులో పని. అక్కడ వంటింటికి కిటికీ లేదు. వండిన గిన్నెలు ఒక తలుపులోంచి వెళ్ళిపోతాయి, తిన్నవాళ్ళ ముఖాలు కనపడవు.

ఆ కాగితం మందూబ్ తెచ్చి ఇచ్చాడు. ఆయన చేతిలో ఖబీర్ రాసిన నివేదిక ప్రతి కూడా ఉంది.

"నా గురించి ఏం రాసినారు సార్?" అని అడిగాను.

ఆయన పేజీలు తిప్పి వేలు పెట్టి చదివాడు. "'కంపెనీ ఖాళీ ప్యాకెట్లలో వేరే పొడి నింపినట్టు వంటవాడు ఒప్పుకున్నాడు.' అంతే."

"పొడి తాజాదని?"

వెతికాడు. "లేదు. అది వాళ్ళకి అక్కర్లేదు."

"బిస్కెట్ డబ్బా?"

"లేదు."

"అందరూ నవ్వినట్టు?"

మందూబ్ కాగితం దించి నా ముఖం చూశాడు. మళ్ళీ ఎత్తి, నా కోసమని, ఆ పేజీ మొదటినుంచీ మళ్ళీ చదివాడు. వెనక వైపు తిప్పి అక్కడ కూడా చూశాడు.

"లేదు" అన్నాడు.

ఆ ప్రతి నన్నే ఉంచుకోమన్నాడు. పైకి వెళ్ళి పెట్టె సర్దుకున్నాను. నా గుండీలు, సూది, దారం దాచుకున్న వెండిరంగు ప్యాకెట్ ఒకటి దిండు కింద ఉండిపోయింది. దాన్ని ఎవరూ సాక్ష్యంగా పట్టుకెళ్ళలేదు. నివేదికని నాలుగు మడతలు పెట్టి దాంట్లోనే దోపాను. ఈసారి ప్యాకెట్ వెనక్కి తిప్పి తేదీ చూశాను.